హేవార్డ్ గారి బందెలదొడ్డి

ఆ శనివారం పొద్దున క్లెమెంట్ ప్రౌస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆకుపచ్చ అంగీ తొడుక్కోవాలి. అడవికోడి ఈక గుచ్చిన టోపీ పెట్టుకోవాలి. ఆవుకొమ్ము బూర మెడలో వేసుకుని చర్చి పక్కనున్న బందెలదొడ్డి దాకా నడవాలి. మధ్యాహ్నం కాగానే ఒక్కసారి కొమ్ము ఊదాలి. ఆ తర్వాత ఊరితో పాటు ‘నల్ల కుందేలు’ పబ్బులో కూర్చుని రోస్టు మాంసం తిని, దాని మీద రూబార్బ్ క్రంబుల్ అనే తీపి తిని, ఇంటికొచ్చి కునుకు తీయాలి. ఇందులో తప్పు చేయడానికి చోటెక్కడుంది చెప్పండి? కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడని పెద్దలు ఊరికే అన్నారా!

మా హిథ్‌కాట్‌లో ఏటా మే నెలలో ఒక పాత సభ కూర్చుంటుంది. గుర్రాల మీద రాజులు తిరిగిన నాటి సభ అది. ఒకప్పుడు జనాన్ని కొరడాలతో కొట్టించిందట. ఇప్పుడు దానికి పిల్లిని అదిలించే అధికారం కూడా లేదు. అయినా ఏటా ముగ్గురు ఉద్యోగుల్ని నియమిస్తుంది. బీరు రుచి చూసేవాడొకడు, రొట్టె తూచేవాడొకడు, మూడోవాడు హేవార్డ్. మొదటి ఇద్దరికీ తాగడం, తినడం అనే పనైనా ఉంది. హేవార్డ్‌కు ఉన్నదల్లా టోపీ, కొమ్ము.

ఆ టోపీ కోసం క్లెమెంట్ ఎంత తపించాడో అతని భార్య మేవిస్‌కే తెలుసు. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం మానేసి బ్రిస్టల్ నుంచి మా ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. బస్ షెల్టర్‌కు రంగు వేశాడు, చర్చి గంట తాడు మార్చాడు, ఊళ్ళో సగంమంది శవపేటికలకు భుజం పట్టాడు. అయినా ఊరు అతన్ని ‘ఆ కొత్తాయన’ అనే అంటుంది. ఎవరికీ కోపం లేదు, ద్వేషం లేదు. అతను కొత్తాయన, అంతే. పాత హేవార్డ్‌కు మోకాళ్ళు పట్టేసి, వేరే దిక్కు లేక, కిందటేడు తాత్కాలికంగా ఇతనికి టోపీ పెట్టారు. ఆ శనివారం విందులో సభ తీర్పరులు, అంటే జ్యూరీ, చేతులెత్తితే టోపీ అతనికే ఉండిపోతుంది. ఎత్తకపోతే, “రేపు నేను పోతే, కొత్తాయన పోయాడట పాపం అంటారు మేవిస్,” అనేవాడు.

అలాంటివాడు విందుకు వెళ్ళాల్సిన పొద్దున పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు.

“క్లెమ్, అది మూసి గుడ్డు తిను. చల్లారిపోతోంది,” అంది మేవిస్.

“ముందు ఇది విను. హేవార్డ్ అంటే ఎండుగడ్డికి కాపలా కాసేవాడు కాదట!”

“అయ్యో పాపం,” అంది మేవిస్ టోస్టుకు వెన్న రాస్తూ.

ఆ మాటలో మొదట ఉన్న ‘హే’ ఎండుగడ్డి అనే మా ఊరందరి లెక్క. అందుకే విందులో హేవార్డ్‌కు కుర్చీ వేయకుండా గడ్డిమోపు మీద కూర్చోబెడతారు. గుచ్చుకుంటుంది. అదే సరదా.

“వెయ్యేళ్ళ కిందట ఆ మాటకు కంచె అని అర్థం,” అన్నాడు క్లెమెంట్, గుడ్డు మీద స్పూను ఆడిస్తూ. “కంచెలు కాసేవాడు హేవార్డ్. తర్వాత కంచె లోపలి పంట కూడా వాడి మీదే పడింది. పశువు చేలో పడిందంటే కొమ్ము ఊదేవాడు, ఊరంతా కర్రలు పుచ్చుకుని పరిగెత్తుకొచ్చేది. జీతం కింద కంచె వారనే పొలం ముక్క ఇచ్చేవాళ్ళట. ఎందుకో తెలుసా? వాడు కునుకు తీస్తే ముందు వాడి పంటే పోవాలి! ఆ తర్వాత కొన్నాళ్ళకు దారితప్పిన పశువుల్ని బందెలదొడ్డికి తోలేవాడయ్యాడు. ఆ తర్వాత ఉత్త ఇంటిపేరు. ఇప్పుడు చూడు, ఒక టోపీ!”

“కంచె అయితేనేం, కంచమైతేనేం? నువ్వు వెళ్ళేది భోజనానికేగా?”

“అదే నా బాధ! అంత బతుకు బతికిన మాట, చివరికి అన్నానికి పిలిచే పనికి దిగింది.”

మేవిస్ టోస్టు పక్కన పెట్టి అతని మొహంలోకి చూసింది. “ఇదిగో, టికెట్ లేనివాణ్ణి పట్టుకోబోయే ముందు నీ మొహం ఇట్లాగే ఉండేది. నాకు భయమేస్తోంది. చెప్తున్నా విను. కొమ్ము ఊదు, రోస్టు తిను, చేతులెత్తించుకో, ఇంటికి రా. మధ్యలో ఇంకేం చేయకు.”

“ఏం చేస్తాను మేవిస్, పిచ్చి కాకపోతే!” అంటూ ఆమె కట్టిచ్చిన చీజ్ శాండ్‌విచ్ తీసుకుని బయల్దేరాడు. ఆ అంగీకి జేబుల్లేవు. ఫోను గుడ్డు పక్కనే ఉండిపోయింది.

చర్చి మలుపు తిరగగానే కనిపించింది మేక. తెల్లటి మేక, మెడలో ఎర్ర పట్టీ. చర్చి చుట్టూ ఉన్న పొదల కంచెను కింద నుంచి పైకి పద్ధతిగా తింటోంది. క్లెమెంట్ ఆగిపోయాడు. కంచె! హేవార్డ్! వెయ్యేళ్ళ ఉద్యోగం ఒక్కసారిగా అతని భుజాల మీదికి దిగింది. అటూ ఇటూ చూశాడు, ఎవరూ లేరు.

“ఎవరి తాలూకమ్మా నువ్వు?” అని టికెట్ అడిగినంత మర్యాదగా అడిగాడు. మేక ఇంకో కొమ్మ లాగింది. అతను శాండ్‌విచ్‌లో సగం విరిచి చూపించాడు. అంతే, అది పెంపుడు కుక్కలా వెంట నడిచి బందెలదొడ్డిలోకి వచ్చేసింది.

మా బందెలదొడ్డి గుండ్రటి రాతి గోడ, మనిషి ఎత్తుకు మించి ఉంటుంది. దానికో మందపాటి ఓక్ చెక్క తలుపు. లోపల మహిళా సంఘం వాళ్ళ పూలతొట్లు తప్ప ఏమీ ఉండవు. తలుపు పైన రాతి మీద పాత నియమం చెక్కి ఉంటుంది, ఊళ్ళో పసివాళ్ళకు కూడా కంఠతా వచ్చు. బందెలో పడ్డ పశువు యజమాని తానే వచ్చి, తలుపు బయట నిలబడి, అందరికీ వినబడేలా మూడుసార్లు అడగాలి. అడిగేదాకా దాన్ని మేపాల్సింది హేవార్డే. ఆ నియమాన్ని వాడిన మనిషిని ఈ తరంలో ఎవరూ చూడలేదు. క్లెమెంట్ తలుపు దగ్గరగా వేసి, టోపీ సర్దుకుని, మేకగలవాళ్ళ కోసం నిటారుగా నిలబడ్డాడు.

మొదట వచ్చింది పబ్బు యజమాని హ్యూబర్ట్. వేళ దగ్గర పడుతోంది, కొమ్ము గురించి గుర్తు చేద్దామని వచ్చాడు.

“ఏం నాయనా, అంతా సవ్యమేనా?”

“సవ్యమే.”

“మబ్బు పట్టేలా ఉంది.”

“పట్టినా నిలవదులే.”

ఇక్కడెందుకు నిలబడ్డావయ్యా అని అడిగితే అరక్షణంలో తేలిపోయేది. కానీ మా ఊళ్ళో అలా మొహం మీద అడగడమంటే ఒకరి వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీసి చూడడం లాంటిది. లోపల మేక అరిచింది. హ్యూబర్ట్ విననట్టే ఉండిపోయాడు. ఇదేదో పాత ఆచారం, నాకే తెలియదంటే పరువు పోతుంది అనుకుని తనూ క్లెమెంట్ ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు. పోస్టాఫీసు ఆవిడ అటుగా వచ్చింది, ఒకరు నిలబడి ఉన్నారు కనక వెనకాల నిలబడింది. చర్చి పియానో వాయించే ఆయన ఆవిడ వెనక, జ్యూరీ సభ్యులు వాళ్ళ వెనక. మావాళ్ళకు ముందొక వీపు కనబడితే చాలు, దాని వెనక నిలబడకుండా ఉండలేరు. అందులో ఎవరికీ బలవంతం లేదు. ఈలోగా తోటలు చూడడానికి పక్క జిల్లా నుంచి బస్సు నిండా పెన్షన్‌దార్లు దిగారు. వాళ్ళు బస్సు దిగడమే లైనులోకి దిగారు.

“ఇది దేనికండీ?” అంది వాళ్ళలో ఊదా టోపీ పెట్టుకున్న ఆవిడ, పక్కాయన చెవిలో.

“తెలీదండీ. కానీ ఇంతమంది ఉన్నారంటే మంచిదే అయ్యుంటుంది.”

లైను చర్చి మలుపు తిరిగి, సందు నిండిపోయి, పబ్బు దాకా సాగింది. సరిగ్గా అప్పుడే సందు మొదట్లో గాడిద బండి వచ్చి ఆగింది.

బండిలో ఉన్నది డోర్కస్ టకెట్. సభకు పెద్ద ఆవిడే. ఎనభై దాటినా వెన్ను వంగలేదు, నాలుక అసలే వంగలేదు. ఆవిడ తాత హేవార్డ్, తండ్రి హేవార్డ్. క్లెమెంట్‌ను ‘ఆ కొత్తాయన’ అని మొదట అన్నది కూడా ఆవిడే. సభ రోజున టకెట్లు గాడిద బండిలోనే రావాలని ఇంకో ఆచారం. గాడిద పేరు బిషప్. సందంతా మనుషులు. బండి ముందుకు పోయే దారి లేదు. బిషప్ కాసేపు చూశాడు, నిట్టూర్చాడు, పక్కకు తల తిప్పి చర్చి కంచె మేయడం మొదలెట్టాడు.

క్లెమెంట్ లెక్క వేసుకున్నాడు. చేతులెత్తాల్సిన జ్యూరీ ఇక్కడే ఉంది, ఎత్తించాల్సిన పెద్ద అక్కడుంది, ఆవిడ గాడిద కంచె తింటోంది. చూడనట్టు వదిలేద్దామా అనుకున్నాడు. కానీ ఒకసారి రైల్లో సొంత మామగారినే టికెట్ లేదని దించేసినవాడు. మేకకొక న్యాయం, గాడిదకొక న్యాయమా? గట్టిగా ఊపిరి పీల్చుకుని వెళ్ళి కళ్ళెం పట్టుకున్నాడు.

“ఏమయ్యా, ఏం చేస్తున్నావ్?” అంది డోర్కస్.

“క్షమించాలి డోర్కస్ గారూ. మీ గాడిద కంచె మీద పడింది. బందె.”

“ఏమిటీ?”

“బందె అండీ.”

జనం సర్దుకుని దారిచ్చారు. సభ పెద్దను బండితో సహా హేవార్డ్ బందెలదొడ్డిలోకి నడిపిస్తుంటే కొందరు టోపీలు తీశారు. “ఈ ఏడు ఊరేగింపు కూడా పెట్టారే, శోభగా ఉంది,” అంది పోస్టాఫీసు ఆవిడ. పెన్షన్‌దార్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు మేక బెదిరి తలుపు వైపు దూకింది. అది తప్పించుకుపోతుందేమోనని క్లెమెంట్ గభాలున లోపలి నుంచే తలుపు మూసి, తాళంలోనే ఉండే పాత తాళంచెవి తిప్పేశాడు.

తాళం పడింది. పడ్డాక గుర్తొచ్చింది, యజమాని బయట నిలబడి అడగాలి కదా అని. మళ్ళీ తిప్పాడు. టక్కుమంది. తాళంచెవి సగం తాళంలో, సగం చేతిలో.

క్లెమెంట్ ఆ సగాన్ని గుప్పిట్లో దాచుకుని నెమ్మదిగా ఇటు తిరిగాడు.

“ఊఁ,” అంది డోర్కస్ బండి మీద నుంచి దిగకుండానే. “విడిపించు.”

“నియమం ప్రకారం తమరు బయట నిలబడి మూడుసార్లు అడగాలండీ.”

“నేను లోపలున్నాను కదయ్యా.”

“అదే... అదే ఆలోచిస్తున్నాను.”

“ఆలోచించేదేముంది? తలుపు తియ్.”

గుప్పిట్లో ఇనుము చల్లగా తగిలింది. తెలివితక్కువ పని చేశానని ఈవిడతో చెప్పడమా, అదీ ఇవాళ! “అడిగేదాకా తీయడానికి లేదండీ,” అన్నాడు, గొంతులో లేని గాంభీర్యమంతా తెచ్చుకుని. “నియమం నియమమే.”

డోర్కస్ అతన్ని ఎగాదిగా చూసింది. “టకెట్లు ఎవర్నీ ఏదీ అడగరు,” అని చేతులు కట్టుకుని కూర్చుంది.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే అదే. అడిగితే తీస్తానన్నవాడు తీయలేడు, అడగాల్సినావిడ అడగదు. మేక ఈ గొడవంతా వదిలేసి పూలతొట్ల పని పట్టింది. మహిళా సంఘం వాళ్ళ పాన్సీలు ఒక తొట్టిలో అయిపోయాక రెండో తొట్టికి వెళ్ళింది.

బయట హ్యూబర్ట్ గొంతు సవరించుకోవడం వినబడింది. “ఏం నాయనా, లోపలంతా బాగానే ఉందా?”

అదొక్క మాట చాలు. బాగాలేదయ్యా, తాళం విరిగింది అంటే ఊరంతా కలిసి క్షణంలో తీసేసేవాళ్ళు. క్లెమెంట్ నోరు తెరిచాడు. అందులోంచి వచ్చిన మాట, “బాగానే ఉందండీ, థ్యాంక్స్!”

“డోర్కస్ గారూ, మీకేమైనా ఇబ్బందా?”

“నాకేం ఇబ్బంది! సుఖంగా ఉన్నాను,” అంది డోర్కస్. బందెలదొడ్డిలో చిక్కానని జ్యూరీ ముందు ఒప్పుకోవడం కంటే అక్కడే పెన్షన్ తీసుకోవడం నయమనిపించింది ఆవిడకు.

“అయితే సరే,” అన్నాడు హ్యూబర్ట్, తన సందేహానికి తనే సిగ్గుపడి.

కొంతసేపు గడిచింది. క్లెమెంట్ మిగిలిన సగం శాండ్‌విచ్‌ను మళ్ళీ సగం చేసి ఆవిడకిచ్చాడు. ఆవిడ తీసుకుంది. టకెట్లు అడగరు గానీ ఇస్తే తింటారు. అతను టోపీ తీసి బండి చక్రం మీద పెట్టి నుదురు తుడుచుకున్నాడు. మళ్ళీ చూసేసరికి ఈక లేదు. ఇంకోసారి చూసేసరికి టోపీకి ముందుభాగం లేదు. మేక నెమరేస్తోంది.

“అది మా తాత టోపీ,” అంది డోర్కస్.

అయిపోయింది. క్లెమెంట్ తొట్టి అంచు మీద కూలబడ్డాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు! ఇక దాచి కాపాడుకునేదేం మిగిలింది? గుప్పిట విప్పి చూపించాడు.

“డోర్కస్ గారూ, నియమం లేదూ పాడూ లేదు. తాళంచెవి విరిగింది. మీతో చెప్పడానికి మొహం చెల్లలేదు.”

ఆవిడ బండి మీద నుంచి ముందుకు వంగింది.

“ఇరవై రెండేళ్ళండీ. మీ తమ్ముడి పేటిక ఎడమ పక్క పట్టింది నేనే. వర్షంలో. ఆ రోజు చర్చి మెట్ల మీద మీరు, ‘ఆ కొత్తాయనకు కాస్త టీ ఇవ్వండి’ అన్నారు. ఆ టీ ఇంకా నా గొంతు దిగలేదు. ఈ ఒక్క ఏడు ఈ ఉద్యోగం సరిగ్గా చేస్తే, మాట పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లా చేస్తే, మీరంతా... పోనీలెండి. మేవిస్ ముందే చెప్పింది.”

డోర్కస్ బండి దిగింది. వచ్చి అతని అరచేతిలోని ఇనుపముక్కను వేలితో తిప్పి చూసింది. ఉన్నట్టుండి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని క్లెమెంట్ కంగారుపడ్డాడు. ఏడవడం కాదు, నవ్వు!

“మా నాన్న చేతిలోనూ ఇక్కడే విరిగిందయ్యా! నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నన్నూ ఒక గొర్రెనూ లోపల పెట్టుకుని తాళం వేశాడు. ఎందుకు తీయవు నాన్నా అంటే, నియమం నియమమే అన్నాడు. అచ్చం నీలాగే, అదే గొంతు. చచ్చేదాకా ఒప్పుకోలేదు మహానుభావుడు. నువ్వు ఇటు తిరిగిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది.”

“తెలిసీ ఊరుకున్నారా?”

“నువ్వైనా చెప్తావేమోనని చూశాను.” ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “ఈ తలుపు తాళంతో తీసేది కాదు. కీళ్ళ మీంచి పైకి ఎత్తితే ఊడి వచ్చేస్తుంది. మా తాత అట్లాగే తీసేవాడు. పట్టు.”

ఇద్దరూ పట్టారు. ఓక్ చెక్క. అది కదలలేదు, క్లెమెంట్ నడుము మాత్రం కదిలింది.

“మనుషులు కావాలి,” అన్నాడు వగరుస్తూ. అప్పుడతని మొహం వెలిగింది. “కొమ్ము! డోర్కస్ గారూ, ఇదే కదా దీని అసలు పని! ఆపదొస్తే హేవార్డ్ కొమ్ము ఊదుతాడు, ఊరంతా పరిగెత్తుకొస్తుంది!”

ఆవిడ వద్దనేలోపే ఊపిరంతా కూడగట్టి ఊదాడు. అంత గట్టిగా మా ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఊదలేదు. చర్చి మీద కాకులు లేచాయి.  ఆ వెంటనే గోడ అవతల వందల అడుగుల చప్పుడు.

“వస్తున్నారు!” అన్నాడు క్లెమెంట్.

ఆ చప్పుడు దగ్గర కాలేదు. దూరమైంది, ఇంకా దూరమైంది, చివరికి ‘నల్ల కుందేలు’ తలుపు కిర్రుమంది.

“కొమ్ము ఊదితే మా ఊళ్ళో అర్థం ఒక్కటే నాయనా,” అంది డోర్కస్. “రోస్టు వడ్డించారని.”

ఊరు వెళ్ళిపోయింది గానీ పెన్షన్‌దార్లు వెళ్ళలేదు. వాళ్ళకు కొమ్ము సంగతేం తెలుసు? లైను సగానికి సగం తగ్గేసరికి వాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. “కదిలింది, కదిలింది!” అనుకుంటూ అందరూ తలుపు దాకా జరిగారు.

“ఎవరైనా ఉన్నారా?” అని అరిచాడు క్లెమెంట్.

“ఉన్నాం బాబూ!” అంది ఊదా టోపీ ఆవిడ. “మాకేం తొందర లేదు. మీ వీలు చూసుకునే తెరవండి.”

క్లెమెంట్ మళ్ళీ నోరు తెరిచాడు. సాయం చేయండి అనాలి. అంత చిన్న మాట. “మీకేమీ ఇబ్బంది లేకపోతే... వీలైతేనే సుమా... మరేం లేదు...” అంటూ అక్కడక్కడే తిరిగాడు. బయట ఆవిడ, “పర్లేదు బాబూ, పర్లేదు,” అంటోంది. ఇట్లా అయితే శీతాకాలం దాకా సాగుతుందని డోర్కస్‌కు అర్థమైంది. పావడా ఎత్తిపట్టి బండి ఎక్కింది, బండి మీది పీట ఎక్కింది. గోడ పైనుంచి తల బయటపెట్టి, ఏ టకెట్టూ ఎన్నడూ చేయని పని చేసింది.

“విడిపించండి!” అని అరిచింది. “విడిపించండి! ఓ మహాతల్లులారా, మమ్మల్ని విడిపించండి!”

పెన్షన్‌దార్లు తన్మయంగా చప్పట్లు కొట్టారు. “ఎంత బాగా చేస్తోందో చూడండి, ఈ వయసులో!” అన్నారెవరో.

అదుగో, అప్పుడొచ్చింది మేవిస్. చేతిలో గుడ్డ కప్పిన ప్లేటు. తన మొగుడు భోజనాన్నైనా వదిలేస్తాడు గానీ రూబార్బ్ క్రంబుల్‌ను వదిలేసే మనిషి కాదు, ఏదో జరిగిందని విందు మధ్యలో లేచి వచ్చింది. గోడ మీద డోర్కస్ తల చూసింది. తలుపు చూసింది. గోడ అవతల మేక అరుపు వింది. ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు.

“క్లెమ్! తాళం విరగ్గొట్టావా?”

“ఆఁ,” అంది లోపలి నుంచి ఒక చిన్న గొంతు.

డోర్కస్ పైనుంచి తలుపు సంగతి చెప్పింది. మేవిస్ లైను వైపు తిరిగింది. “మీరూ మీరూ ఇటు పట్టండి. మీరు అటు. లైను మళ్ళీ కడుదురు గానీ, ముందు ఎత్తండి. ఒకటి, రెండు, హుప్!” పన్నెండు మంది ముసలివాళ్ళు, జీవితంలో ఇంత ఆనందం ఎరగనట్టు, ఓక్ తలుపును కీళ్ళ మీంచి ఊడదీసి గోడకు ఆనించారు. ఆ తర్వాత మళ్ళీ వరసగా నిలబడి, ఒక్కొక్కరే లోపలికి వచ్చి, మేకను చూసి, గాడిదను నిమిరి, క్లెమెంట్‌తో చేతులు కలిపి వెళ్ళారు. “చాలా సహజంగా ఉందండీ,” అని మెచ్చుకుంది ఊదా టోపీ ఆవిడ.

పబ్బుకు చేరేసరికి అంతా అయిపోయింది. కొమ్ము ఊదాక భోజనానికి రాని హేవార్డ్ హేవార్డే కాదని పాత కట్టుబాటు. సభ పెద్ద ఇంకా రాకపోయినా, రోస్టు చల్లారిపోతుందని జ్యూరీ హ్యూబర్ట్‌కే చేతులెత్తింది. హ్యూబర్ట్ గడ్డిమోపు మీద కూర్చుని ఇబ్బందిగా అటూ ఇటూ కదులుతున్నాడు. గుమ్మంలో క్లెమెంట్‌ను చూసి లేవబోయాడు. “ఏమనుకోకు నాయనా...”

“అయ్యో, పర్లేదు,” అన్నాడు క్లెమెంట్. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టోపీలో మిగిలిన ముక్కను బల్ల మీద పెట్టాడు. మేవిస్ అతని చెయ్యి పట్టుకుంది. “ఇంటికి పోదాం పద,” అని మెల్లగా అంది.

“ఎక్కడికి పోయేది?” అంది డోర్కస్. అలవాటు ప్రకారం పెద్ద కుర్చీలో కూర్చోకుండా గది మధ్యలో నిలబడింది. “ముందు కథ వినండర్రా.”

చెప్పింది. ఎట్లా చెప్పిందనుకున్నారు! మేక మేసిన టోపీ, ‘బందె అండీ’ అన్న గొంతు, గుప్పిట్లో దాచిన ఇనుపముక్క, అన్నీ చేసి చూపించింది. తను గోడెక్కి అరిచింది కూడా వదల్లేదు. క్లెమెంట్‌కు భూమి చీలితే అందులోకి పోవాలనిపించింది. జనం బల్లలు చరిచారు. పియానో ఆయన తాగుతున్న సైడర్ ముక్కులోకి పోయి దగ్గాడు. పోస్టాఫీసు ఆవిడ, “చాలమ్మా చాలు, నా పక్కటెముకలు!” అని కుర్చీలోంచి జారింది. ఆఖరికి డోర్కస్ అంది: “మా నాన్న తర్వాత ఈ ఊళ్ళో ఇంత శ్రద్ధగా తాళం వేసుకున్నవాడు మన క్లెమెంటే!”

మన క్లెమెంట్. అన్నది ఆవిడ గమనించలేదు, విన్నవాళ్ళూ గమనించలేదు. మేవిస్ మాత్రం మొగుడి చెయ్యి గట్టిగా గిల్లింది. అతను అప్పటికే అటు తిరిగి, గోడ మీద ఉన్న బాణాలు విసిరే ఆట బోర్డును అవసరం కంటే ఎక్కువసేపు చూస్తున్నాడు.

ఊరికి ఒక నీతి ఉంది. పరాయివాడు తప్పు చేస్తే సణుగుతుంది, మనవాడు చేస్తే నవ్వుకుంటుంది. ఆ సోమవారమే పోస్టాఫీసు ఆవిడ తాళాలు లోపల మరిచి కారు తలుపు వేసుకుంది. చూసినవాళ్ళు, “హేవార్డ్ అయిందిరోయ్!” అన్నారు. ఆ తర్వాత బాత్రూములో చిక్కుకున్న పియానో ఆయన హేవార్డ్ అయ్యాడు. నేలమాళిగలో పడి తలుపేసుకున్న హ్యూబర్ట్, పదవిలో ఉండగానే, రెండుసార్లు హేవార్డ్ అయ్యాడు. కంచె పోయింది, పంట పోయింది, టోపీ సగం పోయింది, వెయ్యేళ్ళ ఆ మాటకు మా ఊళ్ళో మళ్ళీ ఓ పని దొరికింది. కిందటి నెల లండన్ నుంచి కొత్తగా దిగిన దంపతులు, ఆ పొడుగాటి పెద్దాయన ఎవరని అడిగితే, డోర్కస్ వింతగా చూసి, “అతనా? మొదట్నుంచీ ఇక్కడివాడే,” అంది.

మేక కోసం ఈరోజు దాకా ఎవరూ వచ్చి ఒక్కసారి కూడా అడగలేదు. నియమం నియమమే కనక అది క్లెమెంట్ పెరట్లోనే ఉంటూ మేవిస్ గులాబీలు తింటోంది. దాన్ని మాత్రం ఊళ్ళో అందరూ ‘ఆ కొత్త మేక’ అనే అంటారు.